తెలుగు నియమం ఇంగ్లీషు వాక్యంలోకి వచ్చినప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

నల్గొండలో డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్తున్న ఇన్నేళ్లలో నాకు స్పష్టంగా అర్థమైన విషయం ఒకటి ఉంది. మన పిల్లల పొరపాట్లలో చాలావరకు అశ్రద్ధ వల్ల వచ్చినవి కావు. తెలుగులో ఎన్నడూ తప్పు పోని నియమాన్ని ఇంగ్లీషులోనూ నమ్మకంగా పాటించడం వల్ల వచ్చినవి. అందుకే తప్పు వాక్యాన్ని కొట్టేసి ఒప్పు వాక్యాన్ని పదిసార్లు రాయించినా మరుసటి వారం ఆ తప్పే మళ్లీ వస్తుంది. ఏ తెలుగు నియమం అక్కడ పని చేస్తున్నదో చూపిస్తే విద్యార్థి తనను తానే సరిదిద్దుకుంటాడు.

‘యెస్’ అన్నాను, ఎదుటివారు వేరుగా అర్థం చేసుకున్నారు

దేవరకొండ వైపు నుంచి వచ్చి చదువుకున్న ఒక అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్లింది. అక్కడి అధికారి "డిడింట్ యు బ్రింగ్ యువర్ మార్క్స్ మెమో?" అని అడిగారు. మెమో ఆమె తీసుకుపోలేదు. తల ఊపి "యెస్ సర్" అన్నది. ఆయన మెమో కోసం చేయి చాపి అలాగే ఉండిపోయారు, ఆమె ఖాళీ చేతులతో నిలబడింది. తిరిగి వచ్చాక ఆమె నన్ను అడిగింది: "సార్, నేను నిజమే చెప్పిన గదా, ఆయనకు ఎందుకు అర్థం కాలే?"

ఆమె తెలుగు ప్రకారం చెప్పింది నిజమే. "మెమో తేలేదా?" అంటే మనం "అవును, తేలేదు" అంటాం, మన ‘అవును’ అడిగినవారి మాటతో ఏకీభవిస్తుంది. ఇంగ్లీషు ‘యెస్’, ‘నో’లు అడిగినవారి మాటను కాక జరిగిన విషయాన్ని పట్టుకుంటాయి. తెచ్చి ఉంటే ‘యెస్’, తేకపోతే ‘నో’. ప్రశ్నలో ‘నాట్’ ఉన్నా లేకున్నా జవాబు మారదు.

కాబట్టి ప్రశ్నలోని ‘నాట్’ను వినబడనట్టే వదిలేసి, ‘తెచ్చానా?’ అని మనసులో అడుక్కోవాలి. లేదనుకుంటే "నో, ఐ డిడింట్" అనాలి. ఒంటరిగా ‘యెస్’ అనో ‘నో’ అనో ఊరుకోకుండా వెనుక ఆ చిన్న వాక్యాన్ని చేర్చడం అలవాటైతే, తొందరలో మొదటి మాట తప్పినా రెండోది కాపాడుతుంది. బస్సులో ఎవరైనా "డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అంటే కూర్చోనివ్వడానికి చెప్పవలసిన జవాబు ‘నో’ అనే సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ ప్రశ్నకు అసలు అర్థం ‘మీకు అభ్యంతరమా?’ అని.

"ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్"

మిర్యాలగూడ రైసుమిల్లులో లెక్కలు రాసే యువకుడు తన గురించి చెప్పుకునేటప్పుడు సాధారణంగా వచ్చే వాక్యమిది. ఇందులో రెండు తప్పులున్నాయి, రెంటికీ మూలం "ఐదేండ్ల సంది పని చేస్తున్న" అనే మాటలోనే ఉన్నది. మనకు "ఐదేండ్ల సంది" అన్నా "2019 సంది" అన్నా ‘సంది’ ఒక్కటే. పుస్తకాల తెలుగులో ‘నుంచి’ కూడా అంతే. ఇంగ్లీషులో ఆ పని రెండు మాటలు పంచుకుంటాయి. ‘సంది’కి ముందున్నది ఏండ్లో నెలలో గంటలో అని లెక్కపెట్టే కాలమైతే ‘ఫర్’ రావాలి. క్యాలెండరు మీదనో గడియారం మీదనో వేలు పెట్టి చూపగల సమయమైతే ‘సిన్స్’ రావాలి.

రెండో తప్పు క్రియలో ఉన్నది. ఇప్పుడే చేస్తున్న పనికీ, ఐదేండ్లుగా సాగుతున్న పనికీ మనం ‘చేస్తున్న’ అనే ఒకే రూపం వాడుతాం. వెనుక మొదలై ఇంకా సాగే పనికి ఇంగ్లీషు ‘హ్యావ్ బీన్’ కోరుతుంది: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్", లేదా "సిన్స్ 2019".

నిన్నటి సంగతికి ‘హ్యావ్’ పెట్టడం

"ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" అనేవారు చాలామంది ఉన్నారు. ‘చూసిన’ అనే మన మాట ‘హ్యావ్ సీన్’కూ ‘సా’కూ రెంటికీ సరిపోవడం దీనికి కారణం. వాక్యంలో నిన్న, పోయిన ఏడు వంటి ముగిసిన కాలం పేరు వచ్చిందంటే ‘హ్యావ్’, ‘హ్యాజ్’ తీసేసి వీ టూ రూపం, అంటే ‘సా’ వంటి జరిగిపోయిన కాలపు క్రియారూపం, వేయాలి. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955లో శంకుస్థాపన చేశారు. దాన్ని "నెహ్రూ లెయిడ్ ద ఫౌండేషన్ స్టోన్ ఇన్ 1955" అనాలే కాని ‘హ్యాజ్ లెయిడ్’ అనకూడదు. ఎప్పుడు అన్నది చెప్పకుండా, పని అయిందా లేదా అన్నదే ముఖ్యమైనప్పుడు ‘హ్యావ్’ వాడవచ్చు: "ఐ హ్యావ్ పెయిడ్ ద ఫీజ్."

"డిడ్ యు వెంట్?", "ఐ డిడింట్ వెంట్"

ఈ తప్పును సరిదిద్దడానికి చాలా తరగతుల్లో ‘డిడ్ తరువాత వీ వన్’ (అంటే ‘గో’ వంటి క్రియ మూలరూపం) అనే సూత్రాన్ని బట్టీ పట్టిస్తారు. సూత్రం సరైనదే, కానీ మాట్లాడే వేగంలో అది గుర్తుకు రాదు. కారణం చూడండి. తెలుగులో ‘పోయినవ్’ చివర ఒక దీర్ఘం చేరిస్తే ‘పోయినవా?’ అనే ప్రశ్న తయారవుతుంది. జరిగిపోయిన కాలం క్రియలో అలాగే ఉండిపోతుంది. అదే అలవాటుతో ‘వెంట్’ను కదిలించకుండా ముందు ‘డిడ్’ తగిలిస్తాం.

అయితే దీనికి మందు కూడా మన తెలుగులోనే ఉంది. ‘పోయిన’ అనే మాటను కాదనాలంటే ‘పోయినలేదు’ అని ఎవరమూ అనం, ‘పోలేదు’ అంటాం. ‘పోయిన’లోని గుర్తంతా రాలిపోయి ఉత్త ‘పో’ మిగులుతుంది, పని జరగలేదన్న భారమంతా ‘లేదు’ మోస్తుంది. "డిడింట్ గో" కూడా అచ్చంగా ఇంతే: ‘గో’ అంటే ‘పో’, ‘డిడింట్’ అంటే ‘లేదు’. "ఐ డిడింట్ వెంట్" అంటే ‘నేను పోయినలేదు’ అన్నట్టు వినబడుతుందని చెప్పగానే విద్యార్థి చెవి ఆ తప్పును పట్టుకుంటుంది. తన భాషలో చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే ఇది అని తెలిసినప్పుడు వారి ముఖాల్లో కనిపించే ధైర్యం నాకు ఎంతో విలువైనది.

‘ఈజ్’ మాయం కావడం, ‘ఎ’, ‘ద’ తడబడడం

‘మా నాయన రైతు’ అన్నది తెలుగులో పూర్తి వాక్యం. అందులో క్రియ లేకున్నా లోటు లేదు. దాన్నే "మై ఫాదర్ ఫార్మర్" అంటే ఇంగ్లీషులో రెండు మాటలు తక్కువవుతాయి: "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్." ఇంగ్లీషు వాక్యానికి క్రియ తప్పనిసరి కాబట్టి, రాసిన ప్రతి వాక్యంలో క్రియ ఏదో వేలుపెట్టి చూసుకోవడమే దీనికి పరిష్కారం.

‘ఎ’, ‘ద’ల సంగతి ఇంత తేలిక కాదు, ఎందుకంటే తెలుగులో వాటికి సరిజోడు లేదు. "పోయిన ఎండకాలం బోరు వేసినం, రెండు నెలలకే ఎండిపోయింది" అంటాం. ఇంగ్లీషులో మొదటిసారి చెప్పినప్పుడు వినేవారికి ఆ బోరు తెలియదు గనుక ‘ఎ బోర్‌వెల్’ అవుతుంది. మళ్లీ దాని ప్రస్తావనే వచ్చేసరికి వారికి తెలిసిపోయింది గనుక ‘ద బోర్‌వెల్’ అవుతుంది. ‘ఏ బోరు?’ అని వినేవారు అడగవలసిన అవసరం ఉందా లేదా అన్నదే చాలావరకు దారి చూపుతుంది. పేర్లలో మాత్రం వాడుకనే నేర్చుకోవాలి: నది కాబట్టి ‘ద కృష్ణా’, ఊరు కాబట్టి ఉత్త ‘నల్గొండ’.

చిన్నవి కొన్ని

‘గురించి చర్చించాం’ అనే అలవాటు వల్ల ‘డిస్కస్ అబౌట్’ వస్తుంది. ‘డిస్కస్’ తరువాత నేరుగా విషయమే చెప్పాలి. ‘నల్గొండలనే ఉంట’ అన్న భావంతో "ఐ లివ్ ఇన్ నల్గొండ ఓన్లీ" అంటే బయటివారికి ‘నల్గొండలో మాత్రమే’ అని వినబడుతుంది కనుక ‘ఓన్లీ’ తీసేయడం మంచిది. ‘కదా’ అన్ని వాక్యాలకూ సరిపోయినట్టు ‘ఈజింట్ ఇట్’ సరిపోదు. "యు కేమ్ యెస్టర్‌డే" తరువాత ‘డిడింట్ యు’ రావాలి.

"క్యాన్ యు టెల్ మి వేర్ ఈజ్ ద బస్‌స్టాండ్?"

ఇది బాగా చదువుకున్నవారిలో కూడా మిగిలిపోయే తప్పు. ‘వేర్’ కనబడగానే ప్రశ్న అనుకుని ‘ఈజ్’ను ముందుకు లాగుతాం. కానీ ఇక్కడ అసలు ప్రశ్న ‘చెప్తారా?’ అన్నది మాత్రమే. దీని తెలుగు ఏమిటో చూడండి: "బస్టాండ్ ఎక్కడుందో చెప్తారా?" ‘ఎక్కడుంది’ కాస్తా ‘ఎక్కడుందో’ అయింది. తెలుగులో చివర ‘ఓ’ వచ్చిన చోటల్లా ఇంగ్లీషులో కర్త ముందు, క్రియ తరువాత రావాలి: "వేర్ ద బస్‌స్టాండ్ ఈజ్." ‘ఆమె ఎక్కడ పని చేస్తుందో తెలియదు’ అన్నప్పుడూ ఆ ‘ఓ’ ఉంది, అందువల్ల ‘డజ్’ అవసరం కూడా లేకుండా "ఐ డోంట్ నో వేర్ షి వర్క్స్" అవుతుంది.