తెలియని పూలతీగను గుర్తుపట్టాలంటే ముందు దాని పట్టు చూడండి

పూసిన తీగ కనబడగానే చూపు పువ్వు రంగు మీద పడుతుంది. కానీ పేరు తేల్చడానికి రంగు పెద్దగా అక్కరకు రాదు. శంఖుపుష్పం నీలంగానూ పూస్తుంది, తెల్లగానూ పూస్తుంది. అసలు గుట్టు తీగ పాకే తీరులో ఉంటుంది.

తీగే ఆసరాను చుట్టుకుంటోందా, నులితీగలు (ఆసరాను మెలితిరిగి పట్టుకునే సన్నటి పోగులు) వేస్తోందా? నులితీగలుంటే అవి ఎక్కడ పుట్టాయో వేలితో తడిమి చూడండి. ఆకుతొడిమ పక్క నుంచి వస్తే దొండ, కాకర కుటుంబం. తొడిమకూ తీగకూ మధ్య సందులోంచి వస్తే పాషన్‌ఫ్రూట్ కుటుంబం. ఆకుకు సరిగ్గా ఎదురుగా ఉంటే ద్రాక్ష, నల్లేరు కుటుంబం. పూలగుత్తి కాడ మీదే జంటగా ఉంటే బుడ్డకాకర కావచ్చు. ఆకు కొసే సాగి మెలితిరిగితే అడవినాభి కావచ్చు. దాని దుంప ప్రాణం తీస్తుంది. గురివింద గింజ కూడా అంతే. కాబట్టి ఏదీ నోట పెట్టవద్దు.

నులితీగలు లేవా? ఒక ఆకు తుంచండి. పాలు కారి, ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటే జిల్లేడు, సుగంధిపాల కుటుంబాన్ని అనుమానించాలి. పాలు ఒక్కటే చూసి తేల్చకండి, చిలగడదుంప కుటుంబంలోనూ పాలు వచ్చే తీగలున్నాయి. వాటి ఆకులు ఒక్కొక్కటిగా వస్తాయి, పువ్వు గరాటులా ఒకే ముక్క. పాలు కంట్లో పడనివ్వకండి. గోధుమరంగు నూగున్న కాయలను అసలు ముట్టుకోకండి; దూలగొండి అయితే దురద భరించలేరు.

ఫోటోలు ఉదయమే తీయాలి, గరాటు పూలు చాలావరకు మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి. పువ్వు ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, ఆకు రెండు వైపులా, తొడిమ తీగను కలిసే చోటు, కాయ, అన్నీ స్కేలు పక్కన పెట్టి తీయండి. పక్క నుంచి తీసేది ఎందుకంటే, కొన్ని పూల కింద బుల్లి దొండకాయలాంటి ఉబ్బు కనిపిస్తుంది. అది దొండ కుటుంబపు ఆడపువ్వు. మగపువ్వుకు ఆ ఉబ్బు ఉండదు.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఆకు దగ్గరే. ఆసరా ఇచ్చిన చెట్టు ఆకును తీగ ఆకుగా రాసుకుంటారు. పూకాడ పట్టుకుని వెనక్కి వెళ్తూ దాని సొంత ఆకును చేరండి. ఒకే దొండతీగ మీద నొక్కులున్న ఆకులూ, లేనివీ ఉంటాయి, అందుకే కనీసం ఐదారు చూడండి. మొక్కలను గుర్తుపట్టే ఫోన్ యాప్ చెప్పిన పేరును నులితీగ పుట్టిన చోటుతో సరిచూడండి; పొసగకపోతే ఆ పేరు కొట్టేయండి. కాయ దొరకకపోతే తీగను పీకకుండా, చోటు గుర్తుపెట్టుకుని మూడు నాలుగు వారాలకు మళ్లీ వెళ్లండి.