వైజాగ్ నుంచి హజ్‌కి వెళ్తున్నారా, సామాన్లు ఇలా సర్దుకోండి

అమ్మీ అబ్బాలని హజ్‌కి పంపిస్తున్న పిల్లలందరికీ ముందు ఒకటే చెప్తాను, బ్యాగ్ మీరు సర్దకండి. వాళ్ల చేతే సర్దించండి, మీరు పక్కన కూర్చుని లిస్ట్ చదివితే చాలు. మన దగ్గర ఎక్కువమంది పెద్దవయసులోనే వెళ్తారు, పిల్లలేమో ప్రేమకొద్దీ అన్నీ నీట్‌గా మడతపెట్టి కవర్లలో కుక్కి జిప్ వేసి ఇచ్చేస్తారు, తీరా మక్కా దగ్గర మీనా అనే చోట టెంట్‌లో అర్ధరాత్రి షుగర్ మాత్ర కావాల్సొస్తే అది ఏ జేబులో ఉందో ఆ మనిషికి తెలీదు, చుట్టూ అందరూ పడుకుని ఉంటారు, మీకు ఫోన్ చేద్దామంటే లైన్ కలవదు. అందుకే సర్దడం అయ్యాక ఒకసారి లైట్ తీసేసి మాత్రల పౌచ్ తియ్యమనండి, చార్జర్ తియ్యమనండి. చీకట్లో కూడా చెయ్యి నేరుగా దాని మీదకి వెళ్లిందంటే బ్యాగ్ రెడీ అయినట్టు. ఇంకోటి, ఆ బ్యాగ్‌ని వాళ్లే ఎత్తగలగాలి, బస్సు మెట్లు ఎక్కేటప్పుడు మీరు ఉండరు కదా.

సామాన్లకంటే ముందు కాళ్ల సంగతి చూడాలి. మక్కాలో సఫా, మర్వా అని రెండు గుట్టలు ఉంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి సుమారు 450 మీటర్లు, ఆ రెంటి మధ్య నడకనే సఈ అంటారు, అది ఏడుసార్లు, అంటే మూడు కిలోమీటర్లు దాటుతుంది, దానికి ముందు తవాఫ్, అంటే కాబా చుట్టూ ఏడు రౌండ్లు, రష్ ఎక్కువై పై ఫ్లోర్‌కి పంపిస్తే ఆ రౌండ్ ఇంకా పెద్దదైపోతుంది. మీనా నుంచి రాళ్లు విసిరే జమరాత్‌కి వెళ్లి రావడం కూడా నడకే. కాబట్టి కనీసం మూడు నెలల ముందు నుంచి రోజూ నడవండి. ఫజర్ (తెల్లవారుజాము నమాజ్) అయ్యాక ఆర్కే బీచ్ రోడ్డుకి వెళ్లిపోండి, పొద్దున్నపూట బండ్లు ఆపేస్తారు కాబట్టి పెద్దవాళ్లకి భయం ఉండదు, మొదట కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ వరకు, అలా మెల్లగా పెంచుకుంటూ పోండి. అక్కడ వేసుకోబోయే హవాయి చెప్పులతోనే నడవాలి, ఇది ముఖ్యం. కొత్త చెప్పులు పూర్ణా మార్కెట్లో కొని నేరుగా బ్యాగ్‌లో పడేసేవాళ్లు చాలామంది, మక్కాలో మొదటి రోజే బొటనవేలి సందులో పొక్కు వచ్చేస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకి అది మామూలు పొక్కు కాదు.

ఎండ గురించి మన వైజాగ్ వాళ్లు కొంచెం తేలిగ్గా తీసుకుంటారు, మనకి ఎండలు కొత్తా అంటారు. మన ఎండలో చెమట కారిపోతుంది, చొక్కా తడుస్తుంది, దాహం తెలుస్తుంది. అక్కడ గాలి పొడిగా ఉండి చెమట పట్టినట్టే తెలీదు, ఎక్కడికక్కడ ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు అయిపోతున్నట్టు మనిషికి తెలిసేలోపు కళ్లు తిరుగుతాయి. 2024 హజ్‌లో మక్కాలో 51.8 డిగ్రీలు నమోదైంది, 1301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వమే చెప్పింది, వాళ్లలో ఎక్కువమంది పర్మిట్ లేకుండా వచ్చి టెంట్ లేక, బస్సు లేక ఎండలో నడిచినవాళ్లు. ఏజెంట్ ఎవరైనా విజిట్ వీసా మీద హజ్ చేయిస్తానంటే దండం పెట్టి వచ్చేయండి. తెల్ల గొడుగు, నీళ్లు కొట్టుకునే చిన్న స్ప్రే బాటిల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మాత్రం మర్చిపోవద్దు. ఇహ్రామ్‌లో, అంటే హజ్ కోసం కుట్టు లేని తెల్లబట్ట కట్టుకుని ఉన్నప్పుడు, మగవాళ్లు తల మీద టోపీ పెట్టకూడదు, గొడుగు పట్టుకోవచ్చు.

టీకాల విషయంలో మెనింజైటిస్ వ్యాక్సిన్ తప్పనిసరి, అక్కడికి చేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, పోలియో చుక్కలు పెద్దవాళ్లకి కూడా వేస్తారు, కంగారు పడకండి. క్యాంప్ డేట్ చెప్పగానే వెళ్లిపోండి, సర్టిఫికెట్ రెండు జిరాక్స్‌లు తీయించండి.

మందులు. ఇక్కడ కాస్త టైం పెట్టండి, మిగతాదంతా అక్కడ కొనుక్కోవచ్చు. ఉండబోయే రోజులకి పైన ఇంకో పది రోజులకి సరిపడా తీసుకోండి, సగం హ్యాండ్ బ్యాగ్‌లో సగం పెద్ద బ్యాగ్‌లో, ఎందుకంటే ఒకటి లేటయినా ఇంకోటి చేతిలో ఉంటుంది. డాక్టర్ చీటీలో మందు అసలు పేరు ఇంగ్లీషులో, సంతకం స్టాంపుతో రాయించండి, బ్రాండ్ పేరు అక్కడి మెడికల్ షాపులో ఎవరికీ తెలీదు. నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు అక్కడ కంట్రోల్‌లో ఉంటాయి, డాక్టర్‌తో మాట్లాడకుండా పెట్టుకోవద్దు. మా అమ్మీకి ఏం చేశామంటే స్ట్రిప్ వెనక మార్కర్‌తో తెలుగులో పెద్దక్షరాలతో పొద్దున్న బీపీ, రాత్రి షుగర్ అని రాసి, పొద్దున్నవి పచ్చ పౌచ్‌లో, రాత్రివి ఎర్ర పౌచ్‌లో పెట్టించాం. అక్కడి టైం మనకంటే రెండున్నర గంటలు వెనక, అది కూడా పౌచ్ మీద రాసేశాం. ఇన్సులిన్ అయితే చెక్ ఇన్ బ్యాగ్‌లో అస్సలు వద్దు, ఐస్ పౌచ్‌లో చేతిలోనే ఉండాలి.

ఇహ్రామ్ రెండు జతలు తీసుకోండి. మీ ఫ్లైట్ ముందు జెద్దాకా మదీనాకా అన్నది కనుక్కోండి, దాన్ని బట్టే అది ఏ బ్యాగ్‌లోకి వెళ్లాలో తేలుతుంది. జెద్దా అయితే మీఖాత్, అంటే ఇహ్రామ్ లేకుండా దాటకూడని హద్దు, గాల్లోనే దాటేస్తారు, అందుకని ఇక్కడే గుసుల్ (స్నానం) చేసి ఇహ్రామ్ కట్టుకుని విమానం ఎక్కాలి, అది పెద్ద బ్యాగ్‌లో వెళ్లిపోయిందంటే పెద్ద చిక్కు. ముందు మదీనా అయితే పెద్ద బ్యాగ్‌లో పెట్టినా పర్లేదు, మక్కాకి బయల్దేరే రోజు జుల్ హులైఫా అనే మీఖాత్ దగ్గర నియ్యత్ (సంకల్పం) చేస్తారు. మగవాళ్లు ఇంట్లో ఓ నాలుగు రోజులు సాయంత్రం ఇహ్రామ్ కట్టుకుని డాబా మీద నడిచి, కూర్చుని లేచి, మెట్లెక్కి చూడండి, బెల్ట్ ఎక్కడ బిగించాలో అప్పుడే తెలుస్తుంది. తొడలు ఒరుసుకుని మండుతాయి, వాసన లేని వాసెలిన్ ఒక డబ్బా దగ్గర ఉంచుకోండి, దీని గురించి సిగ్గుపడి ఎవరూ చెప్పరు. ఇహ్రామ్‌లో సువాసన వాడరు కాబట్టి సబ్బు, తడి టిష్యూలు కూడా వాసన లేనివే, చందనం సబ్బు ఇంట్లోనే వదిలేయండి. మిగతా మసాయిల్ (మత నియమాల) డౌట్లు మీ మస్జిద్ మౌలానాని అడగండి, యూట్యూబ్‌లో చూసి డిసైడ్ అయిపోకండి.

తిండి సామాన్ల దగ్గర మన ఇళ్లలో గొడవ మొదలవుతుంది. గసగసాలు సౌదీలో నిషేధం, అక్కడ దాన్ని డ్రగ్స్ కింద చూస్తారు, విడిగా పెట్టకపోవడమే కాదు, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో, స్వీట్ మీద చల్లినదాంట్లో కూడా ఉండకూడదు. ఖాలా (పిన్ని) ప్రేమగా కొట్టి పంపిన మసాలా అయినా సరే అందులో ఏమేసిందో అడిగి కనుక్కోండి. గుట్కా, ఖైనీ కూడా వద్దు. రొయ్యల పచ్చడి లేకపోతే ముద్ద దిగదు అనేవాళ్లకి చెప్తున్నా, నూనె కారి ఇహ్రామ్ బట్టకి అంటుకుంటే ఆ మరక, వాసన పోవు. అటుకులు, పుట్నాల పొడి, సీల్ వేసిన ప్యాకెట్లు చాలు.

మీనాకి ఒక చిన్న భుజం బ్యాగ్ విడిగా కట్టుకోండి, హజ్ నెల జిల్‌హిజ్జా 8 నుంచి 12 లేదా 13 వరకు మీ ఇల్లు అదే. ఒక జత ఇహ్రామ్, పదో తారీఖు తర్వాత వేసుకోడానికి ఒక జత బట్టలు, ప్లాస్టిక్ చాప, పల్చటి దుప్పటి, గాలి దిండు, మందులు, పవర్ బ్యాంక్, చెప్పులు పెట్టుకోడానికి తాడు సంచి. ముజ్దలిఫా మైదానంలో రాత్రి ఆకాశం కిందే పడుకోవాలి, ఆ చాప విలువ అక్కడ తెలుస్తుంది. జమరాత్‌లో విసిరే రాళ్లు ఏరుకోడానికి చిన్న గుడ్డ సంచి, శనగగింజంత రాళ్లు 49, పదమూడో తారీఖు కూడా ఉండేవాళ్లకి 70. పవర్ బ్యాంక్ విమానంలో మాత్రం చేతి బ్యాగ్‌లోనే, కత్తెర పెద్ద బ్యాగ్‌లోనే. హాజీలకి ఇచ్చే నుసుక్ గుర్తింపు కార్డు మెడలోంచి తియ్యొద్దు, టెంట్ నంబర్ కనపడేలా ఒక ఫోటో తీసుకోండి, అక్కడ టెంట్లన్నీ ఒకేలా ఉంటాయి.

పెద్ద బ్యాగ్ మీద హజ్ కమిటీ ఇచ్చిన కవర్ నంబర్, పేరు, ఊరు నాలుగు వైపులా పెయింట్‌తో రాయించి పిడికి రంగు గుడ్డ కట్టండి. బరువు ఎంతన్నది హజ్ కమిటీ సర్క్యులర్ చూసి, ఇంట్లోనే కాటా వెయ్యండి. వైజాగ్ నుంచి నేరుగా ఫ్లైట్ లేదు కాబట్టి మీ ఫ్లైట్ హైదరాబాద్ నుంచా వేరే ఊరి నుంచా చూసుకుని, రిపోర్టింగ్‌కి ఒక రోజు ముందే చేరేలా ట్రైన్‌లో లోయర్ బెర్త్ బుక్ చెయ్యండి. సాగనంపడానికి స్టేషన్‌కి అందరూ రావాలంటారు, రానివ్వండి, కానీ పాస్‌పోర్ట్, డబ్బులు ఉన్న పౌచ్ హాజీ మెడలోనే ఉండాలి, దండలు వేసి ఫోటోలు తీసే హడావిడిలో ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

బయల్దేరే ముందు అప్పులు తీర్చేయడం, మాట పట్టింపులు ఉన్నవాళ్ల ఇంటికెళ్లి మాఫీ అడగడం చివరి వారానికి వదలకండి, ఆ వారం వచ్చేపోయే వాళ్లతోనే సరిపోతుంది. మా గురించి కూడా దువా చెయ్యి అని వీధిలో అందరూ అడుగుతారు, మన పక్కింటి హిందువులు కూడా అడుగుతారు, దువా చేసే అరఫాత్ మైదానంలో అన్ని పేర్లు గుర్తుండవు, జేబు పుస్తకంలో అప్పటికప్పుడు రాసుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఐదు లీటర్ల జంజం నీళ్లు విడిగా ఇస్తారు, పెద్ద బ్యాగ్‌లో బాటిళ్లు కుక్కకండి, ఎయిర్‌పోర్ట్‌లో తీయించేస్తారు, ఆ చోటు ఖర్జూరాలకి ఉంచుకోండి.