ఇన్వర్టర్ బ్యాటరీకి మరో జీవితం – 3వ పాఠం: గ్రావిటీ చూడటం

గ్రావిటీ అంటే బ్యాటరీలోని యాసిడ్ నీళ్లకన్నా ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె. కిందటి పాఠంలో టెర్మినళ్లకు పట్టిన పొడిని వంట సోడా నీళ్లతో కడిగాం. ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసి చార్జింగ్‌కి పెట్టాం. ఆ చార్జింగ్ పూర్తయి, బ్యాటరీ కొన్ని గంటలు ఊరికే ఉన్నాకే ఈ పాఠం మొదలుపెట్టండి. నీళ్లు పోసిన వెంటనే చూస్తే అవి ఇంకా యాసిడ్‌లో కలిసి ఉండవు, అంకె తప్పు వస్తుంది.

మల్టీమీటర్ ఉంటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. ఒక సెల్ (బ్యాటరీలోని ఆరు గదుల్లో ఒకటి) గ్రావిటీకి 0.84 కలిపితే దాదాపుగా దాని వోల్టేజి వస్తుంది: 1.240 ఉన్న సెల్ 2.08 వోల్టులు, ఆరూ కలిపి సుమారు 12.5. వాటిలో ఒక సెల్ 1.140కి పడిపోయిందనుకోండి. మొత్తంలో తగ్గేది 0.1 వోల్టు మాత్రమే! మీటరు చూసి బ్యాటరీ బాగుందనుకుంటాం, కరెంటు పోయిన పావుగంటకే ఫ్యాన్ ఆగిపోతుంది.

అందుకే హైడ్రోమీటర్, అంటే రబ్బరు బల్బుతో యాసిడ్ పీల్చి గ్రావిటీ చూపే గాజు గొట్టం. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తీయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. బల్బు నొక్కి మెల్లగా వదిలితే యాసిడ్ పైకి వస్తుంది. లోపలి తేలే గొట్టం గాజుకి అంటుకోకూడదు. కంటికి సమానంగా పట్టుకుని చదవండి. తీసిన యాసిడ్‌ని తీసిన సెల్‌లోనే పోయాలి, పక్క సెల్‌లో పోస్తే రెండింటి లెక్కా చెడుతుంది.

ఎండాకాలంలో ఇంకో సవరణ ఉంది. అంకెలన్నీ 27 డిగ్రీల లెక్కవి. ఆపైన ప్రతి డిగ్రీకి 0.0007 కలపాలి. యాసిడ్ 40 డిగ్రీలుంటే 1.230 అని కనిపించేది నిజానికి 1.239.

మన ఇళ్లలోని ట్యూబులర్ బ్యాటరీలకు ఫుల్ చార్జి గ్రావిటీ సాధారణంగా 1.240. కారు బ్యాటరీలో ఇంకాస్త ఎక్కువ. మీ బ్యాటరీ మీద అచ్చయిన అంకె ఉంటే దాన్నే నమ్మండి.

ఫుల్ చార్జి చేశాక కూడా ఆరు సెల్‌లూ సుమారు 1.180 దగ్గరే ఉంటే ఆశ వదులుకోవద్దు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, నేర్చుకునే రోజుల్లో నేనూ చేశాను: గ్రావిటీ తగ్గిందని షాపులో యాసిడ్ కొని పోశాను. అంకె లేచింది, బ్యాకప్ లేవలేదు. ఎందుకంటే యాసిడ్ ఆవిరైపోదు, నీళ్లే పోతాయి. బ్యాటరీ వాడినప్పుడు యాసిడ్‌లోని సల్ఫేట్ ప్లేట్ల మీద సన్నటి లెడ్ సల్ఫేట్‌గా చేరుతుంది, చార్జి చేస్తే తిరిగి యాసిడ్‌లోకి వస్తుంది. వారాల తరబడి చార్జి లేకుండా వదిలేస్తే ఆ పొర గట్టిపడి పెద్ద స్ఫటికాలవుతుంది. మనకు తగ్గినట్టు కనిపించే యాసిడ్ అంతా అక్కడే చిక్కుకుని ఉంది. పైనుంచి కొత్త యాసిడ్ పోస్తే ప్లేట్లు ఇంకా త్వరగా తినేయబడతాయి.

ఐదు సెల్‌లు బాగుండి ఒక్కటే 0.050 లేదా అంతకన్నా వెనకబడితే అది వేరే జబ్బు. లోపల షార్ట్ అయి ఉండొచ్చు. ఆ సెల్‌లోంచి తీసిన యాసిడ్ ముదురు గోధుమ రంగులో మడ్డిగా ఉంటే ప్లేట్ల మందు (కరెంటును నిల్వచేసే పదార్థం) రాలిపోతోందని అర్థం, దాన్ని తిరిగి అతికించే మార్గం లేదు. ఆ బ్యాటరీని పాత సామాన్లవాళ్లకు కాకుండా, బ్యాటరీ షాపులోనే పాతది ఇచ్చి కొత్తది తీసుకోండి.

ఈ వారం ఆరు సెల్‌ల గ్రావిటీ, యాసిడ్ వేడి, తేదీ ఒక కాగితం మీద రాసి బ్యాటరీ పక్కనే ఉంచండి. వచ్చే పాఠంలో 150 ఏహెచ్ బ్యాటరీకి రెండు మూడు ఆంపియర్లతో సన్నగా, ఒకటి రెండు రోజులు చార్జింగ్ పెడతాం. ఆ కాగితం లేకపోతే స్ఫటికాలు కరుగుతున్నాయో లేదో తెలియదు.