మట్టి వినాయకుడని నమ్మి ప్లాస్టర్ కొనకుండా

చవితికి వారం ముందు నుంచే రోడ్డు పక్క పందిళ్ళన్నిటికీ "మట్టి వినాయకులు" అన్న బోర్డులు కడతారు. వాటిలో నిజంగా మట్టివి ఉంటాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మకు మట్టి రంగు కొట్టినవీ ఉంటాయి. లోపల ప్లాస్టర్, పైన వేలి మందాన మట్టి పూతతో తయారైనవీ ఉంటాయి. చెరువు పాడవకూడదని, వ్రతకల్పం చెప్పినట్టు మట్టి ప్రతిమకే పూజ చేయాలని వెతుక్కుంటూ వచ్చిన మనిషినే ఈ మోసం పట్టుకుంటుంది. ప్లాస్టర్ అని తెలిసి కొనేవాడికి అందులో మోసమేమీ లేదు.

కొనే ముందు విగ్రహాన్ని తిరగేసి అడుగు చూడండి. రంగు వేసేవాళ్ళు అడుగును సాధారణంగా వదిలేస్తారు. గోటితో గాని తాళం చెవితో గాని గీస్తే ప్లాస్టర్ తెల్లగా, సుద్దలా రాలుతుంది. మట్టి గీత లోపలా మట్టి రంగులోనే ఉంటుంది. బరువు కూడా చెబుతుంది: ప్లాస్టర్ బొమ్మలను అచ్చులో పోసి లోపల డొల్లగా తీస్తారు కాబట్టి అడుగు ఎత్తు విగ్రహం కూడా ఒంటి చేత్తో సులువుగా లేస్తుంది. అయితే చేతిపని తెలిసినవాళ్ళు మట్టి విగ్రహాన్నీ డొల్లగా చేస్తారు, అందుకని బరువొక్కదాన్నే నమ్మకూడదు.

వీటన్నిటికంటే నమ్మదగ్గ పరీక్ష నీళ్ళది. అడుగు నుంచి శనగగింజంత ముక్క గిల్లి, గాజు గ్లాసు నీళ్ళలో వేసి కదపకుండా వదిలేయండి. బాగా ఎండిన పచ్చి మట్టి కొద్ది నిమిషాల్లోనే అంచులు విడుస్తుంది, అరగంటకల్లా కుప్పలా కూలుతుంది. ప్లాస్టర్ ముక్క మర్నాడు చూసినా అలాగే ఉంటుంది. ఎర్రటి ముక్క కరగకుండా గట్టిగా నిలిచిందంటే అది ఆవంలో కాల్చిన మట్టి. అమ్మేవాడు "మట్టే కదా" అంటే అబద్ధం కాదు గానీ, ఒకసారి కాలిన మట్టి మళ్ళీ నీళ్ళలో కలవదు. అది షోకేసులో పెట్టుకోవడానికి పనికొస్తుంది, నిమజ్జనానికి కాదు.

వెనిగర్ చుక్క వేసి నురగ చూడమనే వీడియోలు తిరుగుతుంటాయి. వాటిని పట్టించుకోకండి. నురగ వచ్చేది సున్నపురాయి, సుద్ద లాంటి వాటికి; ప్లాస్టర్‌కు రాదు. సున్నపు నేలల్లో తీసిన మంచి మట్టికి మాత్రం నురగ రావచ్చు. అంటే ఆ పరీక్ష దొంగను వదిలేసి మంచివాణ్ణి పట్టిస్తుంది.

రంగును తడి దూదితో రుద్ది చూడండి. నీటి రంగైతే దూదికి అంటుతుంది. ఏమీ అంటకుండా మెరుస్తూ ఉంటే అది ఎనామెలో మరో నూనె రంగో. దాని కింద అసలైన మట్టే ఉన్నా నీళ్ళు లోపలికి దిగవు. చవక రంగుల్లో సీసం, క్రోమియం లాంటి లోహాలూ ఉండవచ్చు, అవి చెరువు అడుగు బురదలో ఏళ్ళ తరబడి నిలిచిపోతాయి.

ప్లాస్టర్ ఎందుకు ఇంత మొండిదో తెలిస్తే లెక్క మీకే అర్థమవుతుంది. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల దగ్గర వేడి చేస్తే అందులోని నీరు చాలావరకు పోయి పొడి అవుతుంది, అదే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నీళ్ళు కలపగానే అది మళ్ళీ జిప్సంగా గట్టిపడుతుంది. ఆ జిప్సం లీటరు నీటిలో రెండున్నర గ్రాములకు మించి కరగదు. అయిదు కిలోల విగ్రహం పూర్తిగా కరగాలంటే కనీసం 2,000 లీటర్లు కావాలి, అదీ నీరు కదులుతూ ఉంటేనే. నిలవ నీటి చెరువులో అడుగున పడి ఉన్న బొమ్మ నెలలు గడిచినా చేతులు, తొండం ఊడి మొండెంతో మిగులుతుంది. అడుగున ఆక్సిజన్ లేని బురదలో కొన్ని సూక్ష్మజీవులు అందులోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్ళిన గుడ్ల వాసన దానిదే.

ప్లాస్టర్ విగ్రహాలు ఇంకా చెరువుల్లో పడటం నిబంధనలు లేక కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జన మార్గదర్శకాలు ఇచ్చింది, 2020 మేలో వాటిని సవరించి ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. 2021లో తెలంగాణ హైకోర్టు హుస్సేన్ సాగర్‌లో వాటి నిమజ్జనాన్ని ఆపింది. ఆ ఏడాదికి చివరిసారి అంటూ సుప్రీంకోర్టు అనుమతించింది. 2022లో ఖైరతాబాద్ గణపతిని మట్టితో చేశారు. 50 అడుగుల విగ్రహమే మట్టితో నిలబడినప్పుడు తొమ్మిది అంగుళాల ఇంటి విగ్రహం నిలబడదనే మాట చెల్లదు.

ఇంట్లో చేసుకోవాలంటే

చవితికి 12 రోజుల ముందు మొదలుపెట్టండి. ఎనిమిది, తొమ్మిది అంగుళాల విగ్రహానికి పిసికిన తడి మట్టి మూడు కిలోలు సరిపోతుంది. కుమ్మరి దగ్గర దొరికే మట్టిని మించింది లేదు, తర్వాతి స్థానం చెరువు ఒండ్రుది. నల్లరేగడి ఒక్కటే వాడితే ఎండేటప్పుడు నెర్రెలు విచ్చుతుంది. అదే గతి అయితే నాలుగో వంతు సన్న ఇసుక కలపాలి. ఎర్రమట్టిలో సాధారణంగా ఇసుక ఎక్కువ, పట్టు ఉండదు.

పట్టు చూడటానికి మట్టిని పెన్సిల్ మందం తాడులా చేసి వేలికి చుట్టండి. పగలకుండా చుట్టుకుంటే మంచిది. ఎండితే ఎంత కుదించుకుపోతుందో చూడటానికి మట్టి పట్టీ చేసి దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీసి, పూర్తిగా ఎండాక కొలవండి. ఎనిమిది మిల్లీమీటర్ల లోపు తగ్గితే నిశ్చింతగా చేయొచ్చు. 12 దాటితే ఇసుక, పీచు కలపక తప్పదు.

మట్టిని ముందు ఎండబెట్టి గడ్డలు చితక్కొట్టి, అప్పుడు నీళ్ళలో వేయాలి. సగం తడిగా ఉన్న గడ్డ లోపలికి నీరు తీసుకోదు, పూర్తిగా ఎండిన గడ్డ తనంతట తనే విడిపోతుంది. చాలామంది ఇక్కడ తొందరపడి తడి గడ్డలనే పిసుకుతారు, తర్వాత విగ్రహం నిండా ఉండలు తగులుతాయి. ఒక రోజు కదపకుండా నాననిచ్చి, జల్లెడ మీద వడగట్టి రాళ్ళు, వేర్లు తీసేయండి. మట్టి పేరుకున్నాక పైనీళ్ళు వంపేసి, గోనె సంచి మీద పరిస్తే ఒకటి రెండు రోజుల్లో చపాతీ పిండి పదునుకు వస్తుంది. అప్పుడు అర అంగుళం ముక్కలుగా కత్తిరించిన కొబ్బరి పీచు గుప్పెడు చల్లి, పావుగంట గట్టిగా పిసకాలి.

చెక్కపలక మీద కాగితం వేసి దానిపై పని చేయండి, లేకపోతే పీఠం పలకకు అంటుకుపోయి ఎండేటప్పుడు చీలుతుంది. పీఠం అంగుళం మందం. దాని మీద బొజ్జ, తర్వాత కాళ్ళు, భుజాలు, తల. ఎక్కడ రెండు ముక్కలు కలిపినా రెండు వైపులా పుల్లతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, చిక్కటి మట్టి జావ రాసి, అదిమి, అతుకు కనిపించకుండా వేలితో లాగాలి. నీళ్ళు మాత్రమే రాసి అతికించిన చేయి ఎండాక ఊడి చేతికొస్తుంది. తొండాన్ని గాల్లో వేలాడదీయకుండా బొజ్జ మీద ఆనించండి. చెవులు సెంటీమీటరు మందం ఉండాలి.

లోపల ఇనుప తీగ పెట్టొద్దు. మట్టి ఎండుతూ కుదించుకుపోతుంది, తీగ కుదించుకోదు, దాంతో తీగ పొడవునా పగులు వస్తుంది. ఆధారం కావాలంటే గంటసేపు నానబెట్టిన చీపురు పుల్ల చాలు.

మర్నాడు విగ్రహం తాకితే సొట్ట పడనంత బిగిశాక మెల్లగా పడుకోబెట్టి, అడుగు నుంచి చెంచాతో బొజ్జలోని మట్టి తవ్వేయండి. గోడ రెండు సెంటీమీటర్లు మిగిలితే చాలు. పైన ఎండి లోపల తడి ఉండటమే బొజ్జ పగలడానికి అసలు కారణం, తవ్వితే ఆ బాధ ఉండదు.

ఎండ, ఫ్యాన్ రెండూ శత్రువులే. నీడలో, మొదటి రెండు రోజులు పల్చని గుడ్డ కప్పి ఉంచండి. చెవులు, వేళ్ళు ముందే ఎండిపోతాయి కాబట్టి వాటి మీద మాత్రం తడి గుడ్డ పేలిక వేయాలి. వానాకాలపు ముసురులో అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుందంటే ఇంకా తడి ఉన్నట్టే. పగులు వస్తే దాన్ని కత్తితో కాస్త వెడల్పు చేసి, తడిపి, అదే మట్టితో చేసిన గట్టి ముద్దను కూరండి. పల్చని జావ పోస్తే మర్నాటికి అదే చోట మళ్ళీ విచ్చుతుంది.

రంగు లేకపోయినా లోటేమీ లేదు. వేయాలనుకుంటే ఎరుపుకు జాజు, తెలుపుకు సుద్ద లేదా బియ్యప్పిండి, నలుపుకు మెత్తగా నూరిన బొగ్గు; వీటిని తుమ్మబంక నానిన నీళ్ళలో కలపండి. పసుపు రంగుకు కొమ్ములు ఆడించుకున్న పసుపైతే మేలు, విడి పసుపులో లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కల్తీ చేసే అవకాశం ఉంది. కళ్ళకు గురివింద గింజలు పెట్టడం పాత అలవాటు. పిల్లలున్న ఇంట్లో మానుకోండి: నమిలి మింగితే ప్రాణం తీసే విషం అందులో ఉంది. మిరియాలు పెట్టినా చూపు బాగానే కుదురుతుంది. విగ్రహంలో విత్తనాలు కలపడం ఈమధ్య ఫ్యాషన్ అయింది. తడి మట్టిలో కలిపితే పూజకు ముందే మొలిచి విగ్రహాన్ని చీలుస్తాయి, లేదా కుళ్ళుతాయి. మొక్క కావాలంటే నిమజ్జనం తర్వాత మిగిలే మట్టిలో వేసుకోవచ్చు.

పత్రి, నిమజ్జనం

ఏకవింశతి పత్రాల్లో కరవీరం అంటే గన్నేరు, దత్తూరం అంటే ఉమ్మెత్త, అర్కం అంటే జిల్లేడు. మూడూ విషపు మొక్కలే. పూజ అయ్యాక పత్రి మొత్తం ఆవు ముందు వేయడం పుణ్యం అనుకుంటారు. గన్నేరు ఆకు కొద్దిగా తిన్నా పశువు చస్తుంది. ఈ మూడింటినీ ఏరి గుంటలో పూడ్చి, మిగతాది ఎరువు కుప్పలో వేయండి. దేవదారు హిమాలయ వృక్షం, బజారు కట్టలో ఆ పేరుతో వచ్చేది చాలాసార్లు మరేదో ఆకు. దొరకని పత్రికి అక్షతలు వేయడం ఆచారంలో ఉన్నదే, చెట్ల కొమ్మలు విరిచి తేనక్కర్లేదు.

ఉద్వాసన చెప్పి విగ్రహాన్ని కదిపాక దారం, జంధ్యం, పూలు, గొడుగు తీసేయాలి. విగ్రహం మునిగేంత లోతున్న టబ్బు, 20 లీటర్ల నీళ్ళు. విగ్రహం పూర్తిగా ఎండి ఉంటేనే త్వరగా విడిపోతుంది. అభిషేకంతో తడిసిన విగ్రహాన్ని ఒక పూట ఆరబెట్టి దించండి. కొన్ని గంటల్లో కూలుతుంది, రాత్రంతా వదిలితే అడుగున బురద పేరుకుంటుంది. పైనీళ్ళు మొక్కలకు పోయండి. ఆ బురదనొక్కదాన్నే కుండీలో నింపితే ఇటుకలా బిగుస్తుంది, అంతే ఇసుక, అంతే పశువుల ఎరువు కలపాలి. లేదంటే గడ్డలుగా ఎండబెట్టి సంచిలో దాచితే వచ్చే ఏడాదికి మట్టి సిద్ధం.

చిన్న మట్టి విగ్రహమే కదా, చెరువులో వేస్తే ఏమవుతుందని అడుగుతారు. ఒక్కటైతే ఏమీ కాదు. వేల విగ్రహాల మట్టి ఒకే రోజు పడితే నీరు మడ్డిబారి వెలుతురు దిగదు, చేపగుడ్లు ఒండ్రు కింద పడిపోతాయి.

ఇప్పటికే ప్లాస్టర్ విగ్రహం ఇంటికి వచ్చేసి ఉంటే అమ్మోనియం బైకార్బొనేట్ దారి ఉంది. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల సూచించిన పద్ధతి ఇది. బేకరీ సరుకుల కొట్టులో దొరుకుతుంది. విగ్రహం బరువుకు సమానంగా తీసుకుని, ప్లాస్టిక్ బకెట్‌లో విగ్రహం మునిగేన్ని నీళ్ళలో కలపండి. ముందు పైరంగు గీకేయాలి, లేకపోతే ద్రావణం లోపలికి పోదు. ఆరుబయటే చేయండి, అమ్మోనియా ఘాటు గట్టిగా ఉంటుంది. మూత బిగించొద్దు, గ్యాస్ పుడుతుంది. రాగి, ఇత్తడి పాత్రలు పాడవుతాయి. రోజుకు రెండు మూడుసార్లు కర్రతో కదిపితే రెండు మూడు రోజుల్లో విగ్రహం తెల్లటి సుద్ద బురదగా మారుతుంది, పైనీళ్ళలో అమ్మోనియం సల్ఫేట్ ఎరువు మిగులుతుంది. ఒక వంతుకు 20 వంతుల నీళ్ళు కలిపి పూలమొక్కలకు పోయొచ్చు. రంగుల అవశేషం ఉంటుంది కాబట్టి ఆకుకూరలకు వద్దు.

మండపాల సంగతికొస్తే, మోసమంతా బయానా రోజునే జరుగుతుంది. నోటిమాటతో అడ్వాన్స్ ఇవ్వకండి. "కాల్చని మట్టి, వెదురు, గడ్డి, నీటి రంగులు; ప్లాస్టర్ లేదు" అని రసీదు మీద రాయించుకోండి. రంగు పడక ముందే ఒకసారి వెళ్ళి మూడు చోట్ల ముక్క గిల్లి నీళ్ళ పరీక్ష చేయండి: పీఠం, వీపు, కిరీటం. కిరీటం, ఆభరణాలు మాత్రం ప్లాస్టర్ అచ్చులో తీసి అతికించడం చాలా చోట్ల మామూలే, వాటి గురించి విడిగా అడగాలి. మాట తప్పితే రసీదుతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయవచ్చు. నిమజ్జనం రోజున చీరలు, థర్మోకోల్, సీరియల్ బల్బులు విప్పి పక్కన పెట్టే పని ఇద్దరికి ముందే అప్పగించండి. ఊరేగింపు చెరువు గట్టుకు చేరాక ఆ పని ఎవరి వల్లా కాదు.