చెల్క పెరట్లో మందుమొక్కలు – మూడో పాఠం: అడ్డసరం నాటడం, కోయడం

పోయిన పాఠంలో పెరట్లో చోటు చూసుకున్నాం. వాన వెలిసిన మర్నాటికి నీళ్లు ఇంకిపోవాలి, రోజులో సగమైనా ఎండ తగలాలి అనుకున్నాం. ఈసారి అక్కడ దగ్గు మందుకు పనికొచ్చే అడ్డసరం పొద నాటుదాం. కత్తెర సంగతి కూడా ఇప్పుడే చెప్తాను. చాలా ఇళ్లలో అడ్డసరం ఏపుగానే ఉంటుంది కానీ పూత కనబడదు. కోయకూడని కాలంలో కోయడం వల్లే ఇలా జరుగుతుంది.

దేవరకొండ, అచ్చంపేట వైపు పెరట్లో ఏం నాటినా మేకల టెన్షన్ తప్పదు. అడ్డసరం ఆకు చేదు, పైగా ఘాటు వాసన. మేక మూతి పెట్టి వదిలేస్తుంది. ఎర్ర చెల్కలో బాగా వస్తుంది, ఒకసారి వేళ్లు దిగితే ఏళ్ల తరబడి ఉంటుంది. మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే మాత్రం కుళ్లిపోతుంది.

నాటడానికి ఆరుద్ర కార్తె మంచిది, అప్పటికి నేల తడిసి ఉంటుంది. లేత పచ్చ కొమ్మ వద్దు. పెన్సిలంత లావుండి, గోధుమ రంగుకు తిరుగుతున్న కొమ్మ తీసుకోండి. మూడు నాలుగు కణుపులుండేలా జానెడు ముక్క కోయాలి. కింది కోత కణుపుకు కాస్త దిగువన, ఏటవాలుగా పడాలి. పైన రెండాకులు ఉంచి మిగతావి తీసేయండి, ఆ రెండింటినీ సగానికి కత్తిరించండి. వేళ్లు లేని ముక్క అంత ఆకుకు నీరు అందించలేదు. రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చి, చుట్టూ గట్టిగా అదమాలి. కంచెగా పెంచాలంటే రెండడుగులకొకటి చాలు. గుంతలో బాగా మాగిన పశువుల పెంట కొద్దిగా వేయండి.

తొలి చిగురు చూసి నాటుకుందని అనుకోవద్దు. కొమ్మలో మిగిలిన సత్తువతోనే అది వచ్చేస్తుంది. రెండు మూడు జతల ఆకులు విప్పారి, మధ్యాహ్నం ఎండకు వాడకుండా నిలబడితేనే వేళ్లు పట్టినట్టు. అప్పటిదాకా లాగి చూడొద్దు.

ఇక కత్తెర. అడ్డసరం చలికాలంలో పూస్తుంది, పూల కంకులు కొమ్మల చివర్లలోనే వస్తాయి. కంచె సమంగా కనబడాలని దసరా తర్వాత కొనలు కత్తిరిస్తే ఆ ఏటి పూతంతా పోయినట్టే. అందుకే గట్టి కోత ఏదైనా తొలకరిలోనే చేయండి. కోసిన కొమ్మలే కొత్త మొక్కలకు విత్తనమవుతాయి. వినాయక చవితి దాటాక కొనలు ముట్టుకోవద్దు. ఆకు కావాలంటే కింది ముదురు ఆకులు తుంచుకోండి.

పూత ఉంటేనే తుమ్మెద వస్తుంది. ఒక పువ్వును దగ్గరగా చూడండి. తెల్లగా, తెరిచిన నోరులా రెండు పెదవులతో ఉంటుంది. కింది పెదవి మీద ఊదా గీతలు గొంతు లోపలికి దారి చూపిస్తాయి. తేనె అడుగున ఉంటుంది. నల్లగా నిగనిగలాడే తుమ్మెద కింది పెదవి మీద వాలి తల లోపలికి దూర్చగానే, పై పెదవి కింద దాగిన రెండు కేసరాలు దాని వీపుకు పుప్పొడి పూస్తాయి. ఇంత ఒద్దికైన ఏర్పాటు పెరట్లోనే చూడొచ్చు.

బతుకమ్మ నాటి తంగేడు పూత తగ్గాక అడ్డసరం అందుకుంటుంది, ఆ తర్వాత వేప, కానుగ. ఈ నాలుగూ దగ్గర్లో ఉంటే తుమ్మెదకు చలికాలం నుంచి ఎండాకాలం దాకా కరువు ఉండదు. అది ఎండు కట్టెను తొలిచి గూడు కట్టుకుంటుంది కాబట్టి ఒక పాత మోడునో, ఎండు వెదురు బొంగునో పొయ్యిలో పెట్టకుండా కంచె పక్కన ఉంచండి. పూత మీద ఉన్నప్పుడు పురుగుమందు అసలే వద్దు.

మందు విషయంలో ఒక్క జాగ్రత్త. ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే దగ్గు మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్‌ను తయారు చేశారు. అంటే ఆకులో నిజంగానే బలం ఉంది. అదే వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. గర్భిణులు దీన్ని లోపలికి తీసుకోకూడదు. పసిపిల్లలకు వైద్యుణ్ని అడగకుండా ఇవ్వొద్దు.

వచ్చే పాఠంలో ఆకు నీడన ఆరబెట్టడం, బూజు పట్టకుండా దాచడం చూద్దాం. ఈలోగా మీ ఊళ్లో ముదురు అడ్డసరం ఎవరింట ఉందో కనుక్కుని, తొలకరికి నాలుగు కొమ్మలు ఇమ్మని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.