విజయవాడ ధర్నా చౌక్‌కి బయల్దేరే ముందు ఫోన్లలో చక్కబెట్టుకోవాల్సిన పనులు

జనాన్ని పిలవడం పెద్ద పని కాదు. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ (వేతన సవరణ) మీద ప్రభుత్వ ఉద్యోగులు 'చలో విజయవాడ' అంటే, పోలీసులు ఎక్కడికక్కడ ఆపుతున్నా బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చేరేలా చూడటమే అసలు పని.

చాలామంది వాట్సాప్ గ్రూపుతో మొదలుపెడతారు. దాంట్లో 1,024 మందే పడతారన్నది చిన్న ఇబ్బంది. నిన్న చేరిన కొత్త మనిషికి కూడా అందరి నంబర్లూ కనిపిస్తాయి, ముప్పంతా అక్కడుంది. 2019లో హాంకాంగ్ ఆందోళనకారులకు టెలిగ్రామ్‌లో ఇలాంటి బెడదే ఎదురైంది: ఎవరైనా వరసపెట్టి వేల నంబర్లు తమ కాంటాక్టుల్లోకి ఎక్కిస్తే, గ్రూపులో ఉన్నవాళ్ల నంబర్లు తేలిపోయేవి. అందుకని ప్రకటనలకు ఛానల్ (అడ్మిన్లే రాస్తారు, మిగతావాళ్లు చదువుతారు) పెట్టండి. అందులో చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. పనులు మాట్లాడుకోవడానికి ఊరికొక చిన్న గ్రూపు, 20-30 మందితో చాలు.

ఛానల్‌కి ముగ్గురు అడ్మిన్లు ఉండాలి. ఒకరు రాస్తారు, ఒకరు సరిచూస్తారు. మూడో మనిషి ధర్నాకి రాకూడదు, ఇంట్లోనే ఉండాలి. పోలీసులు ముగ్గుర్నీ ఒకే వ్యాన్ ఎక్కిస్తే ఛానల్ మూగబోతుంది.

ప్రతి ప్రకటనకూ నంబరు, పెట్టిన టైమూ వేయండి: 'ప్రకటన 7, ఉదయం 8.40'. పాత స్క్రీన్‌షాట్లు మూడు రోజులైనా తిరుగుతూనే ఉంటాయి. నంబరుంటే ఏది తాజాదో ఎవరికైనా తెలుస్తుంది. ఉత్త 'ధర్నా చౌక్' అని వదిలేయకుండా 'అలంకార్ సెంటర్ దగ్గర' అని రాసి లొకేషన్ పెట్టండి. అనుమతి ఉందా లేదా, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 163 కింద (జనం గుమిగూడకుండా ఆపే పాత 144 సెక్షన్) ఉత్తర్వులేమైనా ఉన్నాయా అన్నది దాచకుండా చెప్పండి. తెలియక వచ్చి కేసులో ఇరుక్కున్నవాళ్లు రెండోసారి రారు.

ఉద్యమం పరువు తీసేది ఎక్కువగా పాత వీడియోనే. ఎక్కడో ఏ రాష్ట్రంలోనో జరిగిన లాఠీచార్జి 'ఇప్పుడే బెంజి సర్కిల్లో' అని వస్తుంది. రెండు మూడు ఫ్రేములు గూగుల్ లెన్స్‌లో వెతకండి. షాపుల బోర్డులు, బస్సుల మీద అక్షరాలు, యూనిఫాం చూడండి. తీసినవాళ్లు దొరక్కపోతే పెట్టొద్దు. పొరపాటున పెట్టేస్తే గుట్టుగా తీసేయకుండా, తప్పని అదే ఛానల్లో రాయండి.

జనం మధ్య లైవ్ పెట్టాలని చూడకండి. టవర్ మీద భారం పడి బొమ్మ ఆగిపోతుంది, చార్జింగూ పోతుంది. రికార్డు చేసి, రెండు వీధుల అవతలికెళ్లి ఎక్కించండి. మొదట చుట్టూ ఏదైనా బోర్డు చూపించి, తేదీ, టైమూ నోటితో చెప్పండి. 1080పీలో నిమిషానికి 130 ఎంబీ దాకా పడుతుంది కాబట్టి ఫోన్లో 10 జీబీ ఖాళీ ఉంచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోతుంది, 'డాక్యుమెంట్'గా పంపండి. అసలు ఫైలు తీసిన ఫోన్లోనే ఉంచండి. రేపు కోర్టుకెక్కితే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు అదే కావాలి. పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లల మొహాలు మాత్రం మసక చేసి పెట్టండి.

నెట్ ఆగిపోతే? 2011 జనవరి 28న ఈజిప్టులో దాదాపు మొత్తం నెట్ ఆపేశారు, ఐదు రోజులు. ఆందోళన జరుగుతున్న కైరో తహ్రీర్ చౌక్‌లో జనం తగ్గకపోగా పెరిగారు. 2024 జులైలో బంగ్లాదేశ్‌లోనూ నెట్ కట్టేశారు. ఇలాంటి రోజు కోసం ఊరూరికీ ఫోన్‌కాల్ వరస కాగితం మీద ఉండాలి: ఒకరు ఐదుగురికి, ఆ ఐదుగురూ తలా ఐదుగురికి. నెట్ పోయినా మామూలు కాల్స్ చాలాసార్లు నడుస్తాయి. అవీ నడవకపోతే ఎన్ని గంటలకు ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. లాయర్ నంబరు ముంజేతి మీద బాల్‌పెన్నుతో రాసుకోండి, ఫోన్ లాక్కున్నాక కాంటాక్టులు అక్కరకు రావు. ఫోన్‌కి వేలిముద్ర లాక్ తీసేసి ఆరంకెల పిన్ పెట్టుకోండి. లాక్ స్క్రీన్ మీద మెసేజీలు కనబడకుండా చేసుకోండి.

తెనాలి, సత్తెనపల్లి బస్సులెక్కినవాళ్లంతా ఇళ్లకు చేరారని ఊరి గ్రూపుల్లో లెక్క తేలాకే ఛానల్లో 'ముగిసింది' అని పెట్టాలి. అందాకా ఆ మూడో అడ్మిన్ ఫోన్ పక్కనే కూర్చోవాలి.