మీ వీధి నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? కాలనీ సంఘంతో పనులు చేయించుకోవడం ఎలా?

మా గోదావరి డెల్టాలో కాలనీ సంఘం అంటే చాలాచోట్ల వినాయక చవితికి పందిరి వేసి, జనవరి ఒకటిన కేకు కోసి, మిగతా ఏడాదంతా వాట్సాప్‌లో శుభోదయాలు చెప్పుకునేదే. తప్పేం లేదు లెండి. కానీ జులైలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే అదే గ్రూపులో మోకాలి లోతు నీళ్ల ఫొటోలు మొదలవుతాయి. కింద "ఎవరైనా కాస్త పట్టించుకోండి" అని ఓ మాట. పట్టించుకోవాలని మీకు నిజంగా ఉంటే ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. ఒక పట్టణం శివారు కాలనీలో ఆరేళ్లుగా సంఘం కార్యదర్శిగా తిరుగుతున్నాను. ఇందులో సగం మేం తప్పులు చేసి నేర్చుకున్నవే.

ముందు ఏడుగురు కావాలి

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురుంటే సంఘాన్ని రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఆశయాల పత్రం, బైలాస్ (సంఘం నియమావళి), కమిటీ వివరాలతో జిల్లా రిజిస్ట్రార్‌కి దరఖాస్తు పెట్టాలి. నెట్ సెంటర్‌ వాళ్లిచ్చే బైలాస్‌ని మక్కీకి మక్కీ దించేయకండి. చందా ఎంత, కమిటీ ఎన్నేళ్లు, బ్యాంకు ఖాతాకి ఎవరెవరు సంతకాలు పెట్టాలి, ఈ మూడూ అందరూ కూర్చుని తేల్చుకోండి. రెండు సంతకాలు లేకుండా రూపాయి బయటికి రాకూడదు. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి పంపడం మర్చిపోవద్దు.

మినిట్స్ పుస్తకం మాత్రం మగవాళ్ల చేతికివ్వకండి. వెటకారం కాదు, అనుభవం మీద చెప్తున్నాను. డ్వాక్రా సంఘాల్లో ఏళ్ల తరబడి లెక్కలు, తీర్మానాలు రాసిన ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. మా పుస్తకం రాసే అక్కగారు ఎవరు ఏమన్నారో తేదీతో సహా రాసేస్తారు. ఆవిడ పెన్ను తీశారంటే గోల సగం తగ్గిపోద్ది.

వానలో గొడుగేసుకుని నీటి వెంట నడవండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. వాన పడుతుండగానే బయల్దేరాలి. ఎండాకాలంలో చూస్తే ఏ డ్రైను చూసినా ఒకేలా ఉంటుంది.

డెల్టాలో పంట కాలువ మెరక మీద నడుస్తుంది, మురుగు కాలువ పల్లంలో నడుస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ మన ఊళ్లన్నీ ఈ రెంటి మధ్యే పెరిగాయి. మీ లేఅవుటు కూడా ఒకప్పుడు వరి చేనే అయ్యుంటుంది. ఆ చేనుకి నీరు తెచ్చే బోదె ఒకటి, మురుగు తీసే బోదె ఒకటి ఉండే ఉంటాయి. చేను పూడ్చి స్థలాలు కోసినప్పుడు మురుగు బోదె కూడా పూడ్చేసి ఉంటే, ఆ నీళ్లు ఇప్పుడు మీ వీధిలోనే దారి వెతుక్కుంటున్నాయన్నమాట.

కాబట్టి మీ గుమ్మం ముందు డ్రైను దగ్గర మొదలుపెట్టి, నీళ్లు ఎటు పోతే అటు నడవండి. ఎక్కడ ఆగుతున్నాయో అక్కడ ఫోన్లో ఫొటో తీయండి. పెద్దవాళ్లని ఒకరిద్దర్ని వెంటబెట్టుకెళ్లండి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి ఏది పల్లమో పటం లేకుండానే తెలుసు. "ఆ రావిచెట్టు పక్కనుంచి మురుగు కోడు పోయేదండీ, ఇప్పుడు దాని మీదే ఆ మేడ" అని మా బాబాయ్ గారు చెప్తే గానీ మాకు తెలీలేదు. తర్వాత గ్రామ సర్వేయరు దగ్గర గ్రామ పటం, సర్వే నంబరు స్కెచ్చి చూడండి. పుంతలు (పాత బండిదారులు), బోదెలు, చెరువు గట్లు అందులో కనిపిస్తాయి. పెద్దాయన మాట, పటం ఒకటే చెప్తే ఇక మీ కేసు గట్టిదే.

తాపీ మేస్త్రి గోడలు మట్టం చూసే నీళ్ల గొట్టం ఉంటుంది కదా, దాంతో ఓ పూట కొలిపించండి. మీ డ్రైను అడుగు కన్నా బయటి కల్వర్టు అడుగు ఎత్తుగా ఉంటే ఎంత పూడిక తీసినా లాభం లేదు. మాది మట్టం సరిగ్గానే ఉంది. మెయిన్ రోడ్డు కింద తూములో కొబ్బరి మట్టలు, డొక్కలు, ఎవరో పడేసిన పరుపు ఒకటి ఇరుక్కుని ఉన్నాయి.

సముద్రం దగ్గరి ఊళ్లయితే ఇంకోటి కూడా గమనించాలి. పోటు ఉన్నంతసేపూ మురుగు కాలువ నీరు వెనక్కి తంతుంది. పున్నానికీ అమావాస్యకీ మరీనూ. పోటు వేళ నీళ్లు నిలిచి పాటుకి దిగిపోతుంటే తప్పు మీ వీధి డ్రైనుది కాకపోవచ్చు. కిందెక్కడో కాలువ సముద్రంలో కలిసే మొగ పూడిపోయిందేమో చూడాలి.

అది ఎవరి కాలువ?

మేం బోల్తా పడింది ఇక్కడే. మా మొదటి అర్జీ పంట కాలువలు చూసే ఆఫీసులో ఇచ్చాం. అడ్డం పడ్డదేమో రోడ్డు కింద తూము. "మా పరిధి కాదు" అనే జవాబు మాకు చేరేసరికి ఒక వర్షాకాలం గడిచిపోయింది.

వీధి డ్రైను పట్టణంలో అయితే మున్సిపాలిటీది, పల్లెలో పంచాయతీది. పెద్ద రోడ్డు కింది కల్వర్టు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)ది గానీ, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్‌ది గానీ. పంట కాలువ జలవనరుల శాఖది. భీమవరం మధ్యనుంచి పోయే యనమదుర్రు లాంటి పెద్ద మురుగు కాలువలు కూడా ఆ శాఖవే గానీ, వాటికి డ్రైనేజీ విభాగం వేరే ఉంటుంది. గుర్రపుడెక్క ఎవరు తీయాలనే పేచీ వచ్చేది ఇందుకే. సందేహం ఉంటే మీ వార్డు లేదా గ్రామ సచివాలయంలో, పట్టణమైతే ఎమినిటీస్ కార్యదర్శిని, పల్లె అయితే ఇంజనీరింగ్ అసిస్టెంటుని అడగండి. ఓసారి బండెక్కించుకుని చోటు చూపించి తీసుకురండి. బల్ల దగ్గర అరగంట చెప్పిన దానికన్నా ఆ ఐదు నిమిషాలు పనిచేస్తాయి.

క్యాలెండరు చూసి కదలండి

వరదలో అర్జీ పెడితే ఇసుక బస్తాలు వస్తాయి, పని రాదు. కాలువలో పని కాలువ కట్టేసినప్పుడే జరుగుతుంది. మామూలుగా ఏప్రిల్‌లో కట్టేసి జూన్‌లో నీళ్లు వదులుతారు, తేదీలు ఏటేటా మారతాయి. ఆ కొద్ది వారాల్లో పని మొదలవ్వాలంటే అంతకుముందే అంచనా, మంజూరు, టెండరు అయిపోవాలి. అంటే మీ అర్జీ జనవరిలో బల్ల మీద ఉండాలి.

జనవరి అంటే సంక్రాంతి. హైదరాబాదు, బెంగళూరు నుంచి పిల్లలు, అల్లుళ్లు అంతా దిగుతారు. సర్వసభ్య సమావేశం, చందాల వసూలు, అర్జీ మీద సంతకాలు ముక్కనుమ లోపే కానిచ్చేయండి. ఆ తర్వాత సగం ఇళ్లకి తాళాలే.

పంచాయతీలో ఉన్నవాళ్లు ఇంకొంచెం ముందే మేలుకోవాలి. వచ్చే ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం మామూలుగా అక్టోబరులో మొదలుపెట్టి కొన్ని నెలలపాటు కార్యక్రమం నడుపుతారు. ఆ గ్రామసభకి పదిమంది వెళ్లి, మీ పని పేరు తీర్మానాల పుస్తకంలో పడేదాకా కదలకండి.

అర్జీ ఒక పేజీ దాటకూడదు

ఒక అర్జీలో ఒకటే సమస్య. రోడ్డు, దీపాలు, కుక్కలు, దోమలు అన్నీ కలిపి రాస్తే ఏదీ కాదు. ఎక్కడ, ఎన్ని ఇళ్లు, ఎన్నాళ్ల నుంచి, ఏం చేయాలి, అంతే రాయండి. తేదీ ఉన్న రెండు ఫొటోలు, చేత్తో గీసిన పటం జతచేయండి. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నంబరు వస్తుంది. ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. ఆ నంబరు మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి.

కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది. గ్రామ స్థాయిలో దరఖాస్తుకి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి గడువు 30 రోజులు. సంఘం పేరుతో కాకుండా ఒక మనిషి పేరుతో వేయండి, ఆ హక్కు పౌరులకిచ్చింది. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, అది ఆరోపణ కిందికి పోతుంది. అంచనా కాపీ, పని ఉత్తర్వు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ అని కాగితాలు అడగండి. దీన్ని మొదటి రోజే వాడేసేవాళ్లున్నారు. నాకు నచ్చదు. రేపు మళ్లీ ఆ ఆఫీసు గుమ్మమే ఎక్కాలి కదండీ.

మన మెట్లు మనమే తీసుకోవాలి

ఇక అన్నిటికన్నా కష్టమైన భాగం. డ్రైను మీద మెట్లు, ర్యాంపు, పూలకుండీల గట్టు కట్టింది బయటివాళ్లు కాదు, సంఘం సభ్యులే. మా వీధిలో అధ్యక్షుల వారి ఇంటి ముందు ఎనిమిది అడుగుల పలక ఉండేది. పూడిక తీసేవాళ్లు అక్కడిదాకా తీసి, వదిలేసి, అవతల మళ్లీ మొదలుపెట్టేవారు.

నోటీసులిప్పించే పని పెట్టుకోకండి, పగలు మిగుల్తాయి. మేం చేసింది చెప్తాను. ముందు కమిటీ వాళ్ల ఇళ్లు. అధ్యక్షుల వారికి కోపం వచ్చింది, రెండు మీటింగులకి రాలేదు. వాళ్లావిడే "మన పలక కింద పందికొక్కులు చేరాయి, తీయించేయండి" అన్నాక తీయించారు. దాని బదులు ఎత్తి పెట్టుకునే చిన్న పలకలు వేయించాం, సగం ఖర్చు సంఘానిది. ఆయన తీశాక మిగతావాళ్లకి నోరు పెగల్లేదు.

ముందు డ్రైను, తర్వాతే రోడ్డు

నాయకుడు వచ్చి "సీసీ రోడ్డు వేయించేస్తాను" అంటే దండం పెట్టి, డ్రైను అడగండి. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేసుకుంటూ పోతే వీధి పైకి లేస్తుంది, పాత ఇళ్లు గోతిలో పడతాయి. వానొస్తే రోడ్డు నీళ్లన్నీ వాళ్ల వసారాలోకే. రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వి తీసి, ఉన్న మట్టానికే వేయమని అర్జీలోనే రాయండి.

డ్రైను కడుతున్నప్పుడు రోజుకొకరు వంతున నిలబడండి. అడుగు కాంక్రీటు గట్టిపడ్డాక పై చివర నాలుగు బకెట్లు నీళ్లు పోసి చూడండి. నీరు మధ్యలో మడుగు కడితే గోడలు లేవకముందే చెప్పాలి. నీళ్లు పట్టి తడుపుతున్నారో లేదో చూడండి. మేస్త్రితో గొడవ పడొద్దు, టీ ఇచ్చి అడగండి.

లేఅవుటులో ఉన్నవాళ్లకి ఒక్క మాట. అనుమతి పొందిన లేఅవుటులో 10 శాతం స్థలం పార్కుకీ ఆటస్థలానికీ వదిలి, స్థానిక సంస్థకి గిఫ్టు డీడు చేయాలి. ఆ డీడు కాపీ, ప్లాను కాపీ తెచ్చి సంఘం బీరువాలో పెట్టుకోండి. చుట్టూ కంచె వేయించి నాలుగు కొబ్బరి మొక్కలు పెట్టేస్తే ఆ చోటు మీద ఎవరి కన్నూ పడదు.

గోడ మీద గీత

పని అయ్యాక వచ్చే మొదటి పెద్ద వానకి, వీధిలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న ప్రహరీ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఎర్ర రంగుతో గీత గీయండి. వాన ఎన్నింటికి తెరిపిచ్చిందో, నీళ్లు ఎన్నింటికి దిగిపోయాయో పుస్తకంలో రాయించండి. మా గోడ మీద ఇప్పటికి నాలుగు గీతలున్నాయి, కిందకి దిగుతూ వచ్చాయి. పోయినేడు గీత మాత్రం మళ్లీ జానెడు పైకి లేచింది. తూము దగ్గరికి వెళ్లి చూస్తే మళ్లీ కొబ్బరి మట్టలే. వచ్చే సంక్రాంతి అర్జీలో మొదటి వాక్యం అదే.